గాలిలో ఆక్సిజన్ నింపింది ఎవరు? రొయ్యల చెరువు బురద దగ్గర మొదలెడితే తేలిగ్గా అర్థమవుద్ది

మీరడిగింది మిగతావాళ్ల కోసం రెండు ముక్కల్లో మళ్లీ రాస్తున్నా. మీ అమ్మాయి తొమ్మిదో క్లాసు, భూమ్మీద మొదట్లో ఆక్సిజనే లేదంట, కంటికి కనపడని సూక్ష్మజీవులు తయారు చేశాయంట అని చదువుకుని వచ్చి మిమ్మల్ని మూడు ప్రశ్నలేసింది. అంత చిన్న ప్రాణి ఇంత గాలిని ఎలా నింపింది, ఎంత కాలం పట్టింది, అసలు అప్పుడు ఎవరు చూశారు. పైగా చెట్లు కొట్టేస్తే ఆక్సిజన్ అయిపోద్దా అని మీ సొంత డౌటు ఒకటి. ఆ "ఎవరు చూశారు" మాత్రం అదిరిందండి, బోటనీ చెప్పినన్నాళ్లూ నన్ను ఒక్క పిల్లా అడగలేదు.

ముందు సమాధానం చెప్పేస్తా. సైనోబాక్టీరియా అనే సూక్ష్మజీవులు ఎండ సాయంతో నీటిని విడగొట్టడం నేర్చుకున్నాయి. నీళ్లలోంచి వాటికి కావాల్సింది ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ, అక్కర్లేకుండా మిగిలేది ఆక్సిజన్, దాన్ని బయటికి వదిలేశాయి. అది గాలిలో మొదటిసారి నిలబడింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట, భూమి వయసు 454 కోట్ల ఏళ్లు అనుకుంటే దాదాపు సగం వయసు గడిచిపోయాక అన్నమాట. అయితే పుస్తకాల్లో ఒక్క ముక్క వదిలేస్తారు, ఆక్సిజన్ తయారవడం వేరు, మిగలడం వేరు. మిగిలింది ఎందుకంటే ఆ జీవులు చచ్చాక వాటిలో కాస్త భాగం కుళ్లకుండా బురదలో పూడిపోయింది కాబట్టి.

నేను పదకొండేళ్లు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పా, తర్వాత అది మానేసి బెజవాడలోనే నీళ్లు టెస్ట్ చేసే చిన్న ల్యాబ్ పెట్టుకున్నా, కైకలూరు, ముదినేపల్లి వైపు నుంచి చేపల చెరువులు, రొయ్యల చెరువుల శాంపిళ్లు వస్తుంటాయి. సిగ్గు విడిచి చెప్తున్నా, పదకొండేళ్లు బోర్డు మీద కిరణజన్య సంయోగక్రియ సమీకరణం రాసినా ఈ మిగలడం సంగతి నాకు ఎక్కలేదు, చెరువు గట్టు మీద ఎక్కింది.

ఒక రైతు ఫోన్ చేసి రొయ్య పైకి తేలుతోంది సార్ అంటే తెల్లారుజామున నాలుగున్నరకి పోయా. నీళ్లు చిక్కటి ఆకుపచ్చ, ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సన్నటి నాచు) బాగా పట్టింది, నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు పెడితే లీటరుకి రెండు మిల్లీగ్రాములు కూడా లేదు. ఆయన నమ్మలేదు, ఎందుకంటే ముందురోజు మధ్యాహ్నం మూడింటికి మా కుర్రాడే వచ్చి చూసి పదకొండు ఉందని చెప్పి వెళ్లాడు. "పగలంతా తయారైంది ఎటుపోయింది సార్, ఎవడైనా ఎత్తుకుపోయాడా" అన్నాడు. ఎటూ పోలేదండి, తినేశాయి. పగలు ఆక్సిజన్ చేసిన ఆ నాచే రాత్రి ఊపిరి పీల్చుకుంది, రొయ్యలు పీల్చుకున్నాయి, అడుగున మేతా పెంటా కుళ్లబెట్టే బ్యాక్టీరియా మరికాస్త లాగేసింది. చేసినంతా తిన్నంతా, చేతిలో మిగిలింది సున్నా. అందుకే రాత్రి నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆపరు, కరెంటు పోతే జనరేటర్ కోసం పరుగులు పెడతారు.

మరి ఎప్పుడు మిగులుద్ది? పట్టుబడి అయ్యాక ఆ చెరువు నీళ్లు తీసేస్తే అడుగున జానెడు నల్ల మట్టి, కుళ్లిన కోడిగుడ్డు వాసన. దాన్లో ఉన్నది కుళ్లబెట్టే బ్యాక్టీరియాకి ఆక్సిజన్ అందక సగంలో వదిలేసిన సరుకు. కిరణజన్య సంయోగక్రియలో ఒక కార్బన్ పరమాణువు ఒంట్లోకి చేరితే ఒక ఆక్సిజన్ అణువు బయటికి వచ్చుద్ది. ఆ కార్బన్ మళ్లీ కుళ్లినా, కాలినా, ఎవడన్నా తిన్నా అదే ఆక్సిజన్ మళ్లీ ఖర్చయిపోద్ది, లెక్క సరి. కానీ ఆ కార్బన్ మట్టి కింద పూడుకుపోయి రాయైపోతే దాని జత ఆక్సిజన్‌ని తినేవాడు లేడు, గాలిలో ఉండిపోద్ది. తూకంలో చెప్పాలంటే 12 కిలోల కార్బన్ పూడితే 32 కిలోల ఆక్సిజన్ మిగిలినట్టు.

ఇవాళ్టి లెక్కలో కూడా మొక్కలూ నాచూ తయారు చేసిన దాంట్లో అలా పూడేది వెయ్యిలో ఒక వంతు అటూ ఇటూ, అంతే. చాలా తక్కువే, కానీ కోట్ల ఏళ్లు ఆగకుండా పోగేస్తే? మనం పీల్చే 21 శాతం వెనక ఉన్నది ఈ పొదుపే. చిన్న ప్రాణి అన్నారు కదా, చిన్నదే, కానీ సంఖ్య చూడండి. ప్రోక్లోరోకాకస్ అని ఇప్పటి సముద్రాల్లో ఉండే సైనోబాక్టీరియా ఉంది, సైజు ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కూడా ఉండదు, 1980ల దాకా అది ఉందనే ఎవరికీ తెలీదు, వెచ్చటి నడిసముద్రంలో ఒక చెంచా నీళ్లు తీస్తే లక్షల్లో ఉంటుంది.

ఇప్పుడు నీళ్లు విడగొట్టడం సంగతి. ఇక్కడ ఇంటర్ పిల్లలు ఏటా ఒకటే తప్పు రాస్తారు, బయటికొచ్చే ఆక్సిజన్ కార్బన్ డయాక్సైడ్‌లోంచి వస్తుందని. కాదు, నీళ్లలోంచి. 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు వాళ్లు మామూలు కన్నా బరువైన రకం ఆక్సిజన్ (ఐసోటోప్ అంటారు) ఉన్న నీళ్లు వాడి ఇది తేల్చారు. ఇది మార్కుల కోసం చెప్పట్లేదు, కథ మొత్తం దీని మీదే నిలబడింది. ఎందుకంటే సైనోబాక్టీరియా కంటే ముందే ఎండ వాడుకునే బ్యాక్టీరియా ఉంది, కాకపోతే అది నీటి జోలికి పోదు, హైడ్రోజన్ సల్ఫైడ్ మీదో కరిగిన ఇనుము మీదో హైడ్రోజన్ మీదో బతుకుద్ది, కాబట్టి ఆక్సిజన్ వదలదు. వాటి వారసులు ఇప్పటికీ ఉన్నాయి, మురిగిపోయిన నీటి గుంటల్లో ఒక్కోసారి గులాబీ రంగు తెట్టు కనపడుద్ది చూడండి, ఆ బాపతే. హైడ్రోజన్ సల్ఫైడ్‌ని విడగొట్టడం తేలిక, కానీ అది దొరికే చోట్లు తక్కువ. నీళ్లు ఎక్కడ చూసినా ఉన్నాయి గానీ వాటిని విడగొట్టడం మహా కష్టం. నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం ఉన్న చిన్న యంత్రం లాంటిది సైనోబాక్టీరియాలో తయారైంది, అది ఆ పని చేసేసింది. దాంతో ఎండా నీళ్లూ ఉన్నచోటల్లా బతకొచ్చు, ఇంక పట్టపగ్గాల్లేవు. ఇప్పుడు చింతచెట్టు ఆకులో, వరి ఆకులో ఉన్నదీ అదే యంత్రం, మార్పేం లేదు. మొక్క కణాల్లో ఈ పని చేసే ఆకుపచ్చ భాగాలు, క్లోరోప్లాస్టులు, ఒకప్పుడు వేరే కణం మింగేసి అరిగించుకోకుండా లోపలే ఉంచేసుకున్న సైనోబాక్టీరియా వారసులే, వాటికి సొంత డీఎన్ఏ కూడా ఉంది.

సరే, మరి మొదలెట్టిన వెంటనే గాలి నిండిపోయిందా అంటే లేదు. అప్పులోళ్లు లైన్లో ఉన్నారు.

మీ అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లు ఎప్పుడన్నా గమనించారా, కొన్ని ఏరియాల్లో బకెట్లో పట్టినప్పుడు తేటగా ఉంటాయి, గంట రెండు గంటలు వదిలేస్తే ఎర్రగా తిరిగి అడుగున తుప్పు దిగుద్ది. భూమి లోపల ఆక్సిజన్ లేదు కాబట్టి ఇనుము కరిగి కనపడకుండా ఉంటుంది, పైకొచ్చి గాలి తగలగానే తుప్పై దిగిపోద్ది. ఆ కాలంలో సముద్రం మొత్తం ఈ బోరు నీళ్లలాగే ఉండేది. సైనోబాక్టీరియా వదిలిన ఆక్సిజన్‌ని గాలిలోకి రాకముందే ఈ ఇనుము పట్టేసుకునేది. అలా పొరలు పొరలుగా దిగిన తుప్పే ఇవాళ్టి పెద్ద పెద్ద ఇనుప గనులు, ఆస్ట్రేలియాలో హామర్స్‌లీ, మనకి దగ్గర్లో ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా. కిరండూల్ రైలు లైన్లో విశాఖ దిగే ఎర్ర సరుకు ఆ జాతి రాళ్లదే. ఒక జాగ్రత్త చెప్పాలి ఇక్కడ, ఆ ఇనుమంతా ఆక్సిజన్ తగిలే దిగిందని ఖాయంగా చెప్పలేం, పైన చెప్పా కదా ఇనుము మీద బతికే బ్యాక్టీరియా అని, అవి ఆక్సిజన్ లేకుండానే ఇనుముని తుప్పు చేయగలవు. పాత రాళ్లలో వాటి వాటా గట్టిగానే ఉండొచ్చని చాలామంది అంటారు. యూట్యూబ్‌లో ఇనుప గనులు చూపించి ఇదే ఆక్సిజన్ సాక్ష్యం అనేవాళ్లు ఈ సంగతి చెప్పరు.

ఇనుము ఒక్కటే కాదు, అగ్నిపర్వతాల్లోంచి వచ్చే హైడ్రోజన్, హైడ్రోజన్ సల్ఫైడ్, బ్యాక్టీరియా వదిలే మీథేన్, ఇవన్నీ ఆక్సిజన్‌ని మింగేవే. నిదానంగా అగ్నిపర్వతాల జోరు తగ్గింది, హైడ్రోజన్ తేలిక కాబట్టి కొంత కొంత అంతరిక్షంలోకే జారిపోయింది, అది పోయిందంటే ఆక్సిజన్‌ని తినేవాడు ఒకడు తగ్గినట్టే. ఒక దశలో తయారీ ఖర్చుని దాటింది. దీన్లో ఏది ఎంత పని చేసింది అనేదాని మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు. సైనోబాక్టీరియా ఎప్పుడు పుట్టింది అనేదాని మీద కూడా, 300 కోట్ల ఏళ్ల కిందటే అనేవాళ్లున్నారు, అబ్బే 240 కోట్లకి కాస్త ముందే అనేవాళ్లున్నారు. 1999లో 270 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో సైనోబాక్టీరియా కొవ్వుల ఆనవాళ్లు దొరికాయని పెద్ద వార్త, తర్వాత అవి పైనుంచి వచ్చి చేరిన కల్తీ అని తేలింది. కాబట్టి పాత పుస్తకంలో 270 కోట్లు అని కనపడితే కాస్త చూసి నమ్మండి.

ఇక ఎవరు చూశారు అనేది. రాళ్లు చూశాయి.

దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో, విట్‌వాటర్స్‌రాండ్ అంటారు, చాలా పాత నదుల గులకరాళ్ల పొరలున్నాయి, వాటిలో పైరైట్ గింజలు నదిలో దొర్లి దొర్లి గుండ్రంగా అయినవి ఉన్నాయి. పైరైట్ అంటే ఇనుమూ గంధకమూ, ఇవాళ దాన్ని కృష్ణలో వేస్తే అంత దూరం దొర్లేలోపే తుప్పు పట్టి కరిగిపోద్ది. అక్కడ అది చెక్కుచెదరకుండా దొర్లిందంటే గాలిలో ఆక్సిజన్ లేదనే. సుమారు 240 కోట్ల ఏళ్ల తర్వాతి రాళ్లలో అలాంటి గింజలు దాదాపు మాయం, వాటి బదులు నేల మీద ఎర్ర రాతి పొరలు కనపడటం మొదలవుద్ది. చెరువు రైతులకి ఇది విడిగా చెప్పక్కర్లేదు, నల్ల మట్టి చెరువుని నెర్రెలిచ్చేదాకా ఎండబెడితే పైన గోధుమ రంగుకి తిరగడం ప్రతి పంటకీ చూస్తారు, గాలి తగిలితే జరిగేది అదే.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం గంధకానిది. 2000లో ఫర్కార్, బావో, థీమెన్స్ అనే ముగ్గురు బయటపెట్టారు. గంధకంలో నాలుగు రకాల బరువుల పరమాణువులున్నాయి, మామూలుగా ఏ రసాయన చర్య జరిగినా వాటి పాళ్లు బరువుని బట్టి ఒక పద్ధతిలో మారతాయి. పాత రాళ్లలో మాత్రం ఆ పద్ధతి తప్పి వింత పాళ్లున్నాయి. ఓజోన్ లేకుండా అతినీలలోహిత కిరణాలు కిందిదాకా దిగి గాలిలోని గంధకం వాయువుల్ని విడగొడితే అలాంటి పాళ్లు వస్తాయి, ఓజోన్ లేదంటే ఆక్సిజన్ లేదనే. ఇప్పటి ఆక్సిజన్‌లో లక్షో వంతు ఉన్నా ఆ గుర్తు నిలవదని లెక్కలేశారు. ఆ గుర్తు 240 నుంచి 230 కోట్ల ఏళ్ల మధ్య రాళ్లలో పోయింది, మళ్లీ రాలేదు. నా వరకు ఈ ఒక్క సాక్ష్యం చాలు, మిగతావన్నీ తోడు సాక్షులు.

మన దగ్గర ఏమన్నా చూడొచ్చా అంటే ఉంది, కడప జిల్లా వేంపల్లె. అక్కడి డోలమైట్ అనే సున్నపురాయి జాతి రాళ్లలో స్ట్రోమటొలైట్లు ఉంటాయి, అంటే ఆ సూక్ష్మజీవుల జిగురు చాపల మీద సున్నం, మట్టి పొరలు పేరుకుని రాయైనవి, కోసిన క్యాబేజీ అడ్డంగా చూస్తే ఎలా ఉంటుందో అలా గీతలు. కాలేజీలో ఉండగా ఒకసారి వెళ్లా, తోడొచ్చిన డ్రైవరు "ఈ రాళ్ల కోసం ఇంత దూరమా సార్" అని తల పట్టుకున్నాడు. అవి సుమారు 190 కోట్ల ఏళ్ల నాటివి, అంటే ఆక్సిజన్ గాలిలోకి వచ్చిన తర్వాతివే, కథ మొదలైంది కడపలో అని వాట్సాప్‌లో తిప్పకండి. ఆ రాళ్ల పట్టీలోనే తుమ్మలపల్లె యురేనియం గని ఉంది, యురేనియం తేలిగ్గా నీళ్లలో కరగాలంటే కూడా ఆక్సిజన్ ఉండాలి. అలాగే స్ట్రోమటొలైట్ కనపడితే ఆక్సిజన్ చేసే జీవే కట్టిందని కూడా అనుకోకూడదు, ఆస్ట్రేలియాలో 348 కోట్ల ఏళ్లవి ఉన్నాయి, అవి ఎవరు కట్టారో చెప్పడం కష్టం.

ఇంకో సంగతి, ఆక్సిజన్ వచ్చింది అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు అనుకుంటారు, అప్పటి ప్రాణులకి అది విషం. అలవాటు లేని బ్యాక్టీరియా చావగా మిగిలింది బురదల్లోకి, లోతుల్లోకి దూరింది, ఇప్పటికీ అక్కడే ఉంది, గోబర్ గ్యాస్ డ్రమ్ములో పనిచేసేదీ మన పేగుల్లో ఉండేదీ ఆ తరహానే. వేడిని పట్టి ఉంచే మీథేన్ తగ్గిపోయి భూమి చల్లబడి పెద్ద మంచుయుగం వచ్చిందని ఒక వాదన ఉంది, కాలాలైతే దగ్గర దగ్గరగానే కలుస్తాయి. చివరికి సైనోబాక్టీరియాకే ఇబ్బందైంది. గాలిలో నత్రజనిని పట్టే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోద్ది, అది ఆక్సిజన్ లేని రోజుల నాటి సరుకు. మన వరి మళ్లలో వేసే అజొల్లా ఆకు చిదిమి మైక్రోస్కోప్ కింద పెడితే లోపల అనబీనా అనే సైనోబాక్టీరియా పూసల దండలా కనపడుద్ది, మధ్య మధ్యలో దళసరి గోడ ఉన్న లేత రంగు పూస ఒకటి. ఆ పూసలో ఆక్సిజన్ చేసే పని ఆపేసి, గాలి చొరకుండా తలుపులేసుకుని నత్రజని పడతాయి. తను వదిలిన ఆక్సిజన్ నుంచి తనే దాక్కోవడం అన్నమాట, ఎన్నిసార్లు చూసినా నాకు నవ్వొస్తుంది.

ఎంత పెరిగింది అంటే, 240 కోట్ల ఏళ్ల కిందటే 21 శాతానికి పోలేదు. మొదటి పెరుగుదల తర్వాత కూడా చాలాకాలం ఇప్పటి దాంట్లో కొద్ది భాగమే, రెండో పెద్ద పెరుగుదల 80 నుంచి 54 కోట్ల ఏళ్ల మధ్య, ఆ తర్వాతే పెద్ద జంతువులు. నేల మీద అడవులొచ్చి, వాటి కలప బొగ్గుగా పూడాక సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట ఇప్పటికన్నా ఎక్కువే ఉండేది.

మీ సొంత డౌటు కొస్తే, చెట్లు కొడితే ఆక్సిజన్ అయిపోదు. గాలిలో సుమారు 12 లక్షల గిగాటన్నుల ఆక్సిజన్ ఉంది, ఒక గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు. భూమ్మీద ప్రాణులన్నిట్లో ఉన్న కార్బన్ కలిపితే 550 గిగాటన్నులు, మొత్తం తగలబెట్టినా ఖర్చయ్యేది 1,500 గిగాటన్నుల లోపే, అంటే వెయ్యిలో ఒకటి పైచిలుకు. ఎదిగిపోయిన అడవి మన చెరువు లాంటిదే, చేసినంతా తింటుంది. అలాగని కొట్టేయండి అనట్లేదు, వాన, నీడ, నేల కోత, ఇవి చాలవా కారణాలు, ఆక్సిజన్ పేరు చెప్పక్కర్లేదు. ఆక్సిజన్ నిజంగా తగ్గేది పూడిన కార్బన్ తవ్వి కాల్చినప్పుడు. ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ థర్మల్ కరెంటు కేంద్రం చిమ్నీలు కనపడతాయి కదా, సింగరేణి బొగ్గు కాలుతున్నప్పుడు కోట్ల ఏళ్ల కిందటి పొదుపు తీసి ఖర్చు పెడుతున్నట్టే. ప్రపంచం మొత్తమ్మీద కొలిస్తే గాలిలో ఆక్సిజన్ ఏటా పది లక్షల గాలి అణువులకి నాలుగు చొప్పున తగ్గుతోంది. ఊపిరికి భయం లేదు, దాంతో పాటు పెరిగే కార్బన్ డయాక్సైడ్‌తోనే గొడవ.

అమ్మాయికి చూపించాలంటే ఏసీ నీళ్లు కారే గోడ దగ్గరో, డాబా మీద ట్యాంకు కారే చోటో ముదురాకుపచ్చ జిగురు పాకుడు ఉంటుంది, కాస్త గీకి స్కూల్లో మైక్రోస్కోప్ కింద పెట్టమనండి, సన్నటి దారాలు వాటంతటవే మెల్లగా ఊగుతుంటే అది ఆసిలటోరియా, సైనోబాక్టీరియానే. బుడగలు కూడా చూడాలంటే కాలవలో హైడ్రిల్లా అనే నీటి మొక్క నాలుగు రెమ్మలు తెచ్చి గాజు గ్లాసు నీళ్లలో వేసి చిటికెడు వంటసోడా కలిపి ఎండలో పెట్టండి, పావుగంటలో కోసిన చివర్ల నుంచి బుడగలు వరసగా లేస్తాయి. రెమ్మలు తాజాగా ఉండాలి, మబ్బు పట్టిన రోజు పెట్టి రాలేదని నన్ను తిట్టుకోవద్దు.